ఒకే గుంజకు రెండు తాళ్లు

 



మర్యాద అనే మాట వింటే మనలో చాలామందికి లోపల ఎక్కడో మండుతుంది. నాకూ అంతే. దానికి కారణం మా నాన్న చెప్పిన పడవ సంగతి.

మాది కోనసీమ. గోదావరి పాయ దాటకుండా ఏ పనీ తెమలని నేల. మా నాన్న కుర్రతనంలో కొబ్బరి దింపులకీ, వరికోతలకీ రోజూ పడవ దాటేవాడు. పడవ రేవుకి రాగానే మనవాళ్లు ఎక్కకూడదు. పెద్ద కులాలవాళ్లు ఎక్కి, సర్దుకుని కూచున్నాక, చివర్న పశువులు నిలబడేచోట నిలబడాలి. అవతలి ఒడ్డు వచ్చాక మళ్లీ అందరూ దిగేదాకా ఆగాలి. మన తువ్వాలు అంచు కూడా ఎవరికీ తగలకూడదు. "అప్పట్లో దాన్నే మర్యాద అనేవాళ్లురా" అని నాన్న నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

అందుకే మర్యాద గురించి, అందులోనూ పడవలు కట్టుకునే మర్యాద గురించి, ఎప్పుడైనా రాస్తానని నేననుకోలేదు. ఒక చిన్న గొడవ నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చింది. ఆ గొడవలో తప్పు నాది. అది ముందే ఒప్పుకుని మొదలుపెడతాను.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం. వైశాఖ పూర్ణిమ ఏ ఏడాది వచ్చినా ఈ రోజుల్లోనే వస్తుంది. అలాంటి ఒక పూర్ణిమకి విశాఖపట్నంలో సభ ఉంటే వెళ్లాను. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్లలో పాతికేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. చేపల రేవులో ఒక మరబోటు మీద కళాసీగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. "అన్నా, రంగులు పూర్తయ్యాయి, ఈ రోజే మా బోటుని జెట్టీకి తెస్తున్నాం, చూద్దురు రండి" అని పిలిచాడు.

నిషేధం రోజుల్లో ఆ రేవుని మీరు చూడాలి. వేట ఉన్నప్పుడు సగం బోట్లు సముద్రం మీద ఉంటాయి. ఇప్పుడు అన్నీ ఇక్కడే. జెట్టీ పొడవు పెరగదు కదా, అందుకని ఒకదాని పక్కన ఒకటి, దాని పక్కన ఇంకొకటి కడతారు. మూడో బోటువాడు ఒడ్డుకి రావాలంటే రెండు బోట్ల మీదుగా నడిచి రావాలి. బోటుకీ బోటుకీ మధ్య పాత లారీ టైర్లు వేలాడుతుంటాయి, చెక్కకి చెక్క కొట్టుకోకుండా. ఒక ఇనప గుంజకి రెండు మూడు బోట్ల తాళ్లు. పైన వలలు, ఐసు పెట్టెలు, గ్యాసుబండలు, ఆరబెట్టిన బట్టలు. మన పాత పేటల్లో ఇళ్లు ఎలా ఉంటాయో బోట్లూ అలాగే ఉన్నాయి, గోడకి గోడ ఆనుకుని.

మా కుర్రాడు జెట్టీ మీదికి దూకి, తాడు చివర ఉంగరంలా అల్లిన భాగాన్ని గుంజకి తగిలించాడు. అప్పటికే దానికి పక్క బోటు తాడు ఉంది. దాని పైనుంచి వేసేశాడు. పక్క బోటు మీద వల కుట్టుకుంటున్న తండేలు, అరవై దాటినాయన, తలెత్తి చూసి అన్నాడు:

"నాన్నా, ఆ తాడు తీసి నా తాడు కిందనుంచి పెట్టరా."

కుర్రాడి మొహం మారిపోయింది. "మా తాడు మీ తాడు కింద ఎందుకుండాలి?" అన్నాడు.

ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. అంతకు రెండు గంటల ముందే సమానత్వం మీద గంటసేపు మాట్లాడి వచ్చానాయె. "పెద్దాయనా, ముందొచ్చినవాళ్లు పైన, వెనకొచ్చినవాళ్లు కింద అనే రోజులు పోయాయి" అన్నాను, నలుగురికీ వినబడేలా.

ఆయన నన్ను కాసేపు చూశాడు. కోపం కనిపించలేదు, అర్థంకానట్టు చూశాడంతే. "ఏటి బాబూ, నువ్వేటి మాటాడతన్నావు? నాను తాడు సంగతి సెప్తన్నాను" అంటూ వల పక్కన పెట్టి, లేచి జెట్టీ మీదికి వచ్చాడు. కుర్రాడు వేసిన ఉంగరాన్ని తీశాడు. దాన్ని తన తాడు ఉంగరం లోంచి, కిందనుంచి పైకి దూర్చి, అప్పుడు గుంజకి తగిలించాడు. "ఇప్పుడు నాదీ తియ్యొచ్చు, నీదీ తియ్యొచ్చు. ఎవుడికి ముందు పనుంటే ఆడు ముందెల్తాడు. రేపు నాను ఎనకొత్తే నా తాడూ ఇలాగే పెడతాను" అని మళ్లీ వెళ్లి వల దగ్గర కూచున్నాడు.

నేను సిగ్గుపడ్డాను. కుర్రాడు తాడు వైపే చూస్తూ నిలబడ్డాడు.

దీన్ని మీరు ఇంట్లో కూడా చేసి చూడవచ్చు. రెండు తాళ్ల చివర్లు ఉంగరాల్లా ముడేసి, ఒక కర్రకి ఒకదాని మీద ఒకటి తగిలించండి. కింది తాడు తీయాలంటే పైది ముందు తీయాలి. ఇంట్లో అయితే సులువే. రేవులో ఆ పైతాడుకి టన్నుల బరువున్న బోటు వేలాడుతూ ఉంటుంది, గాలి దాన్ని లాగుతూ ఉంటుంది, దాని మనుషులు ఊళ్లో ఎక్కడో ఉంటారు. కింది బోటువాడికి ఆ రాత్రి ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చినా, తుపాను హెచ్చరిక వచ్చినా, పక్కన నిప్పంటుకున్నా, కదల్లేడు. పైతాడువాడు వచ్చేదాకా బందీ. రెండోవాడు తన ఉంగరాన్ని మొదటి ఉంగరం లోంచి పైకి తెచ్చి వేస్తే ఆ చిక్కే లేదు. రెండు తాళ్లూ గట్టిగానే ఉంటాయి, ఏది కావాలంటే అది ముందు వస్తుంది. ఓడలు నడిపేవాళ్లకి ఇది చాలా దేశాల్లో తెలిసిన పద్ధతే. తెలియనివాడిని నేనే.

ఆ రోజు నుంచి రెండు రకాల "కింద" గురించి ఆలోచిస్తున్నాను.

మా నాన్న పడవలో నిలబడింది ఒక కింద. ఆ చోటు ఎప్పటికీ మారదు. ఆయన రేవుకి ముందొచ్చినా చివరే, వెనకొచ్చినా చివరే. పుట్టుకతోనే తాడు ఎవరిది పైనో నిర్ణయమైపోయింది. జెట్టీ మీద తండేలు అడిగింది ఇంకొక కింద. వెనకొచ్చినవాడు ఎవడైతే వాడిది. ఈ రోజు నువ్వు, రేపు నేను. పైగా ఆ కిందనుంచి పోయిన తాడు తక్కువదేమీ కాదు, అదే గుంజ మీద అంతే గట్టిగా కూచుంటుంది. మొదటి దాంట్లో ఒకడు కదలకుండా ఉంటేనే ఇంకొకడికి సుఖం. రెండో దాంట్లో ఇద్దరూ కదలగలగాలి, అదే దాని ప్రయోజనం.

బయటినుంచి చూస్తే మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఎవరో ఒకరు తగ్గుతున్నట్టు, దారి ఇస్తున్నట్టు ఉంటుంది. తరతరాలుగా మన చేత బలవంతంగా తప్పించిన పక్కకి, మనంతట మనం ఎందుకు తప్పుకోవాలి అనే ప్రశ్న మన కుర్రవాళ్లకి వస్తుంది. రావాలి కూడా. ఆ ప్రశ్న రానివాడు దేనినైనా మర్యాద అనుకుని మోసేస్తాడు.

మరి తేడా ఎలా పట్టుకోవాలి? వేలుద్వారమనే ఊరి గృహస్థులు బుద్ధుణ్ని ఒక ప్రశ్న అడిగారు. మేము పెళ్లాం పిల్లలతో ఇరుకు సంసారాలు చేసుకునేవాళ్లం, మాకు తగిన ధమ్మం చెప్పండి అని. భిక్షువుల ధమ్మం కాదు, మనబోటి వాళ్ల ధమ్మం. బుద్ధుడు వాళ్లకి చెప్పిన దాంట్లో సారం, తిరగేసి చూసుకోమని. నాకు జరిగితే నచ్చనిది ఎదుటివాడికి జరిగినా నచ్చదు, కాబట్టి అది చేయను. నాన్న పడవని తిరగేసి చూడండి. ఒక్క రోజు, ఒక్క రేవులో, పెద్ద కులాలవాళ్లని పశువుల పక్కన నిలబడమంటే నిలబడేవాళ్లా? లేదు. కాబట్టి అది మర్యాద కాదు. తండేలు పద్ధతిని తిరగేయండి. ఆయనే తిరగేసి చూపించాడు, నేను అడగకుండానే.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువు అందరికీ అని పురపాలక సంఘం కాగితం మీద అప్పటికే రాసింది, గట్టు మీద మాత్రం మనవాళ్లని దిగనివ్వలేదు. ఆ రోజు మనవాళ్లని కొట్టారు, తర్వాత చెరువుని "శుద్ధి" చేసుకున్నారు. కోర్టు గొడవ 1937లో గానీ తేలలేదు. ఇదంతా మీకు తెలిసిందే. నేను గుర్తుచేసేది ఒక్క సంగతి. ఆ పోరాటం చెరువుని మనది చేసుకోవడానికి జరగలేదు, అందరిదీ చేయడానికి జరిగింది. నీళ్లున్న చోటు, రేవు, గట్టు ఒకడి తాడు కింద ఇంకొకడు ఇరుక్కునే చోటు కాకూడదనే.

అలాంటి చరిత్ర ఉన్న మనం ఎక్కడైనా మన తాడు పైన పడేసి వెళ్లిపోతున్నామా? చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది. ఏప్రిల్ 14న అర్ధరాత్రి దాటినా ఆగని మన మైకు పక్కింట్లో పరీక్ష రాసే పిల్లకి ఎలా వినిపిస్తుందో ఎప్పుడైనా అడిగామా? ఆ పక్కిల్లు కూడా ఎక్కువసార్లు మనదే. మొన్నో ఊళ్లో మన కమ్యూనిటీ హాలు తాళంచెవి ఒక్కరి జేబులోనే ఆరునెలలు ఉందట, పెళ్లికి అడిగినా దొరకలేదట. సరే, ఇది వదిలేద్దాం, రేవు దగ్గరికే వెళదాం.

గోదావరి మీద ఇంకొక సంగతి నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఆలోచించింది మాత్రం ఈ మధ్యనే. లాంచీ వేగంగా పోతే వెనక అల లేస్తుంది. లాంచీలో ఉన్నవాళ్లకి ఆ అల తెలియదు, వాళ్లు దాన్ని దాటి ముందుకి వెళ్లిపోయి ఉంటారు. అది ఒడ్డుకి వచ్చేసరికి రేవులో కట్టిన నాటు పడవలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. పడవలో కూచుని వల సర్దుకునేవాడు పడిపోతాడు. అన్నం వండుకుంటున్న వాడి గిన్నె దొర్లిపోతుంది. ఒడ్డున బట్టలు ఉతికే ఆడవాళ్లు తడిసిపోయి లాంచీని తిడతారు, ఆ తిట్లు కూడా లాంచీకి వినబడవు. మంచి సరంగు రేవు ఇంకా దూరంగా ఉండగానే ఇంజను తగ్గిస్తాడు. తగ్గించినందుకు ఆయనకి ఎవరూ దండం పెట్టరు. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ ఏమీ తెలియదు.

బుద్ధుడు కొడుకు రాహులుడికి చెప్పిన బోధ ఇక్కడ నాకు గుర్తొస్తుంది. అద్దంలో మొహం చూసుకున్నట్టు ప్రతి పనినీ చూసుకోమన్నాడు: చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక. నాకు హాని ఉందా, ఎదుటివాడికి హాని ఉందా, ఇద్దరికీనా. ముందు చూడటం మనకి కొంత అలవాటే. చేస్తూ చూడటం కష్టపడితే వస్తుంది. చేశాక చూడటమే ఎవరూ చేయరు. మన అల మన వెనక లేస్తుంది కదా మరి. వెనక్కి తిరిగి చూస్తే గానీ కనబడదు.

ఇంకో మాట. ధమ్మం తెప్పలాంటిదని, నది దాటాక దాన్ని నెత్తిన మోసుకుపోనక్కర్లేదని బుద్ధుడు చెప్పిన ఉపమానం మనం సభల్లో తరచు వాడతాం. అందులో దాటినవాడు తెప్పని గట్టు మీదికి లాగి పెట్టో, నీళ్లలో వదిలేసో వెళ్లొచ్చని ఉంటుంది. దేన్నీ పట్టుకు వేలాడొద్దని దాని అర్థం, అందులో అనుమానం లేదు. కానీ రేవులో పెరిగినవాణ్ని, నా బుర్ర వేరేచోట ఆగింది. నీళ్లలో వదిలేసిన తెప్ప ఎవరి పడవకి తగులుతుంది? గట్టు మీదికి లాగి పెడితే తర్వాత వచ్చేవాడికి అది దొరుకుతుంది కదా? పండితులు క్షమించాలి. చదువు, ఉద్యోగం అనే తెప్పలు ఎక్కి దాటిన మన ఇళ్లల్లో ఈ సంగతి ఒకసారి మాట్లాడుకుంటే బాగుంటుందని మాత్రం అనిపించింది.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. మేము కిందనుంచి పెడతాం సరే, ఎదుటివాడు ఎప్పుడూ పైనుంచే పడేస్తే? మైత్రి మన పనీ, పెత్తనం వాళ్ల పనీనా?

కాదు. తండేలు ఏం చేశాడో చూడండి. ఊరుకోలేదు. పెద్దగా కాకపోయినా స్పష్టంగా చెప్పాడు. చెప్పినా వినకపోతే లేచి వచ్చి, తీసి, సరిగ్గా వేసి చూపించాడు. మైత్రి అంటే నోరు మూసుకోవడం కాదని నేననుకుంటున్నాను. నీ తాడు నన్ను కట్టేస్తోంది, తియ్యి అని అనగలగాలి. వినకపోతే రేవు పెద్దల్ని పిలవాలి, సంఘాన్ని పిలవాలి, చట్టం ఉంటే చట్టాన్ని పిలవాలి. బాబాసాహెబ్ పదేళ్లు కోర్టులో నిలబడింది అందుకే. ఒక్కటి మాత్రం చేయకూడదు. కత్తి తీసి వాడి తాడు కోసేయకూడదు. కోసిన తాడు బోటు గాలికి పోయి గుద్దేది దాని యజమానిని కాదు, ఆ పక్కనున్న మూడోవాడిని. తప్పనిసరై వేరేవాడి బోటు జరపాల్సి వస్తే, అది ఎలా ఉందో అంత గట్టిగానే తిరిగి కట్టాలి. మన కోపానికి ఈ రెండో సగం గుర్తుండదు.

ఒకరి నిర్లక్ష్యం పక్కవాళ్లకి ఎంతదాకా పోతుందో అదే రేవు మనకి చూపించింది. 2023 నవంబర్ 19, ఆదివారం అర్ధరాత్రికి కాస్త ముందు విశాఖ చేపల రేవులో మంటలు లేచాయి. నేను పైన చెప్పానే, ఒకదాని పక్కన ఒకటి, అలా కట్టి ఉన్న బోట్లు. వాటిలో డీజిల్, గ్యాసుబండలు, నైలాన్ వలలు. నిప్పంటుకున్న బోటు తాడు విప్పి నీళ్లలోకి వదిలారు, మిగతావైనా దక్కుతాయని. గాలీ నీటి వాలూ దాన్ని తిరిగి జెట్టీ దగ్గరికే తెచ్చాయని అప్పట్లో పోలీసులు చెప్పారు. తెల్లారేసరికి ముప్పైకి పైగా మరబోట్లు దెబ్బతిన్నాయి. ఒక్కొక్క బోటు మీద ఎన్ని కుటుంబాలు తింటాయో లెక్క వేసుకోండి. మందు తాగుతూ పారేసిన సిగరెట్టు వల్ల ఇదంతా మొదలైందని దర్యాప్తు తర్వాత పోలీసులు చెప్పిన మాట.

పంచశీలలో ఐదోది మత్తు ముట్టకపోవడం. దీన్ని మనం ఇన్నాళ్లూ వాడి ఆరోగ్యం, వాడి డబ్బు, వాడి సంసారం అని చెబుతూ వచ్చాం. నేనూ అలాగే చెప్పాను, ఎన్నో పేటల్లో. "నా డబ్బుతో నేను తాగుతున్నాను, మీకేంటి?" అని ఎదురడిగితే సరైన జవాబు నా దగ్గర ఉండేది కాదు. ఇప్పుడుంది. నీ బోటు ఒక్కటే సముద్రం మధ్యలో ఉంటే నీ ఇష్టం. కానీ నీ బోటు నా బోటుకి కట్టి ఉంది. బాబాసాహెబ్ ధమ్మాన్ని మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన సంబంధంగా చెప్పడంలో బలం ఇక్కడే తెలుస్తుంది. ఆకాశం వైపు చూసి చేసే ప్రార్థన కాదది. నీకూ నాకూ మధ్య రెండు టైర్లూ ఒక తాడూ ఉన్నాయే, ఆ సందులో ఉండేది.

విశాఖ నుంచి వచ్చాక మా నాన్నకి ఈ సంగతంతా చెప్పాను. ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది, గట్టిగా చెప్పాలి. పూర్తిగా విన్నాడు. "ఆ తండేలు మంచోడురా" అన్నాడు. కాసేపాగి, "మా పడవ సరంగు కూడా చెడ్డోడు కాదు. చివర్న నిలబడ్డ మాకు ఒడ్డు తగిలే ముందు కేకేసి చెప్పేవాడు, పట్టుకోండర్రా అని. లేపోతే కుదుపుకి నీళ్లలో పడేవాళ్లం" అన్నాడు. అంత అన్యాయమైన పడవలో కూడా ఒకడు ఆ కేక వేశాడన్న మాట నాన్న అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వెప్పుడూ మిగతాదే అడిగేవాడివి" అన్నాడు.

జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం ముగిసింది. మర్నాడు పొద్దున కుర్రాడు ఫోన్ చేశాడు, ఇంజను హోరులో సగం మాటలు వినబడలేదు. వాళ్ల బోటే ముందు బయల్దేరిందట. పక్క బోటుకి ఐసు ఇంకా రాలేదట, తండేలు బోటు మీదే పడుకుని ఉన్నాడట. "మా తాడు తీశాను అన్నా, ఆయన తాడు కదల్లేదు. ఆయన లేవను కూడా లేదు" అన్నాడు.